పాసవ్వొద్దన్న తల్లి

పరీక్ష రాసొచ్చే పిల్లల్ని ‘బాగా రాశావా’ అని అడగడం నేను మానేసి చాలా ఏళ్లయింది.

ఎనభైల చివర్లో ఒక ఏప్రిల్ మధ్యాహ్నం సూర్యాపేట నుంచి కోదాడ బస్సులో వెళ్తున్నాను. మునగాలలో ఒక తల్లీ కూతురూ ఎక్కి నా పక్కన కూర్చున్నారు. పిల్ల చేతిలో పరీక్ష అట్ట. మునగాల సెంటరులో ఏడో తరగతి పరీక్షలు ఆ రోజుతో అయిపోయి, తమ ఊరికి తిరిగి వెళ్తున్నారట.

“బాగా రాశావా?” అని పిల్లనడిగాను. జవాబు తల్లి ఇచ్చింది.

“ఏం రాయకని చెప్పి తోలిన సారూ. మా ఊర్ల బడి ఏడు దాకనే. పాసయితే ఎనిమిదికి కోదాడ పోవాలె. రోజూ బస్సు కిరాయికి నా కూలి సాలదు. ఫెయిలయితే ఇంకో యాడాదన్న గీ బళ్లనే కూసుంటది.”

పిల్ల తల వంచుకుని అట్ట క్లిప్పును నొక్కుతూ వదులుతూ ఉంది.

“అన్నీ వచ్చినయమ్మా,” అంది మెల్లగా. “రాయకుండ ఉండలేకపోయిన.”

తల్లి తిట్టలేదు. కోతకొచ్చిన పొలాలను కిటికీలోంచి కాసేపు చూసింది. తర్వాత పిల్ల చేతిలోని అట్ట తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

“ఇగ రేపటి సంది కోతకు రా బిడ్డా.”