స్తంభం పక్కన చోటు

టీచరమ్మగారు పోయారన్న కబురు తెచ్చినవాడు మిషన్ కాంపౌండు తోటమాలి. అతను నా టైపు ఇనిస్టిట్యూటు గడప దగ్గర ఆగి చెప్పులు విప్పాడు. అక్కడికి చెప్పులు విప్పి వచ్చేవారెవరూ ఉండరు. అది చూడగానే సంగతి నాకు తెలిసిపోయింది.

"అమ్మగారు ఎల్లిపోనారండి," అన్నాడు మెల్లగా.

టైపు మిషన్ల ముందున్న పిల్లలు ఒక్కొక్కరే వేళ్ళు ఆపేశారు. టకటకలన్నీ ఆగిపోయాక, బయట వాన పడుతున్నదని అప్పుడు తెలిసింది. జూన్ నెల. పదో తరగతి ఫలితాలు వచ్చి, కాలేజీల ఇంటర్వ్యూలు మొదలవబోయే వారం. ఆవిడ ఏడాదంతా ఎదురుచూసే వారం అదే.

నర్సీపట్నంలో చదువుకున్న ఆడపిల్లల్లో చాలామందికి ఆవిడ తొమ్మిదో తరగతి సోషలు టీచరుగా గుర్తుంటారు. సన్నంచు తెల్ల చీర, చేతి మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్న గడియారం, ఎండలోనూ వానలోనూ చంకలో నల్ల గొడుగు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి బతికి ఉన్నన్నాళ్ళు తల్లితోనూ, తరువాత ఒంటరిగానూ, చర్చి వెనుక రెండు గదుల ఇంట్లో ఉన్నారు. కానీ ఆవిడ అసలు పాఠం పుస్తకంలో లేనిది. క్రిస్మస్ సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి రోజున తొమ్మిదో తరగతి బోర్డు మీద ఒక గేటు బొమ్మ వేసేవారు. ఇనప చువ్వల గేటు, పక్కన ఒక చెట్టు. "ఇది మీ కాలేజీ గేటు. ఇక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ ఇంటికి రండి," అనేవారు.

గేటులోకి అడుగు పెట్టాలంటే చేతిలో ఏముండాలి? మార్కుల కాగితం, టీసీ, కులం సర్టిఫికెట్టు. కులం సర్టిఫికెట్టు ఎవరిస్తారు? తాలూకాఫీసు. తాలూకాఫీసులో గుమాస్తా ఏ పూట కుర్చీలో ఉంటాడు? దానికి ముందు ఊళ్ళో కరణం సంతకం కావాలి కదా, అది అడగడానికి నాన్న ఏ సంత రోజున ఖాళీ? అలా వెనక్కి వెనక్కి వస్తూ, గంట కొట్టే వేళకి ఆవిడ ఆ రోజు సాయంత్రానికి చేరుకునేవారు. "అయితే ఈ సాయంత్రం ఇంటికెళ్ళి నాన్నతో చెప్పాల్సిన మాట ఏటి?" అని అడిగేవారు. ఏడాదిన్నర తరువాత తెరుచుకోవలసిన గేటుకి మొదటి పని ఆ సాయంత్రమే మొదలయ్యేది.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. టైపు, ఇంగ్లీషు పాత పేపర్ల సాయంతో నాకు నేనే నేర్చుకున్నవి. ఆవిడ పిల్లల దరఖాస్తులకి నకళ్ళు కొట్టడంతో మా పరిచయం మొదలయింది. పనులన్నీ వరస పెట్టి రాసుకోనిదే నాకు పొద్దు గడవదు, ఆవిడకీ అంతే. ఈ ఊళ్ళో నన్ను మొదట 'మాస్టారూ' అని పిలిచినది ఆవిడే. పిలిచిన ప్రతిసారీ వెనకే ఒక ప్రశ్న ఉండేది.

"ఇంతమందిని పంపుతున్నారు. మీరెప్పుడండీ ప్రైవేటుగా మెట్రిక్ కట్టేది?"

"వచ్చే యేడు చూద్దామండి."

"ఆ మాట మా తొమ్మిదో తరగతి పిల్ల అంటే గోడకుర్చీ వేయిస్తాను," అనేవారు నవ్వకుండా.

గేటు పాఠం తరువాత, ఎండలు ముదరకముందే, ఆవిడ పిల్లలను విశాఖపట్నం తీసుకువెళ్ళేవారు. వేరే ఊళ్ళో చదవాలనుకునే పిల్లలందరూ, ఇంకా పదో తరగతిలోకి కూడా రాకముందే, ఒకసారి ఆ దారిన పోయి రావాలి. అనకాపల్లిలో బస్సు మారాలి. విశాఖలో దిగి కాలేజీ గేటు ఎవరినీ అడగకుండా వెతుక్కోవాలి. హాస్టలు వరండాలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రానికి తిరిగి రావాలి. వెంట ఇంకొక పెద్దమనిషి ఉండాలని నన్నూ రమ్మనేవారు. ఆ ప్రయాణాన్ని ఆవిడ రిహార్సలు అనేవారు.

ఒకసారి బస్సు దగ్గర కండక్టరు అడ్డం నిలబడి, "ఈ మందనంతా ఎక్కడికి తోలుకుపోతన్నారండీ టీచరమ్మగారూ?" అన్నాడు.

"కాలేజీకి. నువ్వూ వస్తావా?"

"నాకెందుకండీ. ఎల్లి నేర్సుకున్నోళ్ళంతా నా బస్సే ఎక్కుతన్నారు కదా."

గొలుగొండ నుంచి వచ్చిన ఒక తండ్రి మాత్రం గట్టిగానే నిలదీశాడు. "పరీచ్చే రాయనేదు, అప్పుడే కాలేజీ సూపించడమేటమ్మా? ఆశెట్టి సంపడం కాదేటి?"

"చూడనిదాని మీద ఆశ ఎలా పుడుతుందయ్యా? ముందు చూడనీ. తరువాత నీ కూతురు నిన్ను పొద్దున్నే లేపి మరీ చదువుతుంది," అన్నారు ఆవిడ.

అనకాపల్లి స్టాండులో టీ కొట్టు పక్కన సున్నం కొట్టిన సిమెంటు స్తంభం ఒకటి ఉంది. దిగగానే పిల్లలందరినీ దాని చుట్టూ నిలబెట్టి ఆవిడ ఒక్క మాట చెప్పేవారు. "ఎక్కడైనా తప్పిపోతే ఈ స్తంభం దగ్గరికి వచ్చి నిలబడండి. కదలకండి. నేను వస్తాను." పిల్లలచేత తిరిగి చెప్పించుకునేవారు. అది మంచి నియమమనే నేనూ అనుకున్నాను. ఏ తల్లి అయినా జాతరలో బిడ్డకి చెప్పే మాటే అది.

ఎమర్జెన్సీ నాటి ఒక బ్యాచిలో చింతపల్లి కొండల నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. సంక్షేమ హాస్టలులో ఉండి చదివేది. మాట తక్కువ. ఏ పని చెప్పినా, చెప్పినది చెప్పినట్టు, ఒక వెంట్రుకవాసి తేడా రాకుండా చేసేది. రిహార్సలులో కాలేజీ గేటు చువ్వలు పట్టుకుని లోపలికి చూస్తూ, "బోర్డు మీద సెట్టు ఇదేనాండి?" అని అడిగినది ఆ పిల్లే. పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. విశాఖ కాలేజీలో ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. హాస్టలుతో సహా సీటు దొరికే అవకాశం. వాళ్ళ ఊరి నుంచి అంతవరకూ వెళ్ళినవారు లేరు.

రిహార్సలు ఆవిడది, అసలు రోజు పిల్లది. అది ఆవిడ పద్ధతి. ఇంటర్వ్యూకి ఆవిడ ఎవరి వెంటా వెళ్ళేవారు కాదు. ఆ ఉదయం తండ్రి కొండ దిగి వచ్చి పిల్లని నర్సీపట్నంలో బస్సు ఎక్కించాడు. ఆవిడా నేనూ అక్కడే ఉన్నాము. వానకారు అని టీచరమ్మగారు తన గొడుగు ఆ పిల్లకి ఇచ్చారు. బస్సు కదిలాక తండ్రి చేతులు జోడించి తన దారిన కొండకి పోయాడు. మేము మా పనుల్లో పడ్డాము.

సాయంత్రం ఆవిడ నా ఇనిస్టిట్యూటులో ఏవో నకళ్ళు సరిచూస్తూ ఉండగా, అనకాపల్లి నుంచి వచ్చిన బస్సు ఎదురుగా ఆగింది. డ్రైవరు ఆ పిల్లని చెయ్యి పట్టుకుని దింపాడు.

"ఈ పాప మీ ఇస్కూలు పిల్లే కదండీ? పొద్దున్నుంచీ స్టాండులో స్తంభాన్నట్టుకుని నిలబడిపోనాదంట. టీ కొట్టాయన నాకు అప్పగించాడు. ఎవరు పిలిసినా రానన్నాదంట. మీ కాడికి దింపుతానంటే ఎక్కినాది."

తరువాత విషయం తెలిసింది. ఆ పూట రోడ్డు పనుల వల్ల విశాఖ బస్సులు స్టాండులోకి రాకుండా బయటే ఆగాయి. రిహార్సలులో చూసిన చోట బస్సు కనపడక, ఆ పిల్ల తాను తప్పిపోయాననుకుంది. తప్పిపోతే ఏం చెయ్యాలో ఆ పిల్లకి బాగా తెలుసు.

గొడుగు మడిచి రెండు చేతులా పట్టుకుని మా ముందు నిలబడింది. ఏడుపు లేదు, కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మీరు సెప్పిన కాడే ఉన్నానండి. మీరు రానేదేటండి?"

టీచరమ్మగారు దగ్గరికి వచ్చారు. ఆ పిల్ల మోచేతికి అంటిన సున్నం తన పైటతో తుడిచారు. తుడిచిన చోటే చాలాసేపు తుడిచారు.

మర్నాడు ముగ్గురమూ విశాఖ వెళ్ళాము. ప్రిన్సిపాలుగారు మర్యాదగానే మాట్లాడారు, కానీ పిలిచినప్పుడు పలకని పేరు దాటిపోతుంది, సీటు మరొకరికి వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణంలో అనకాపల్లిలో బస్సు ఆగినప్పుడు ఆ పిల్ల కిటికీలో నుంచి స్తంభం వైపు చూసింది. టీచరమ్మగారు ఒళ్ళో ఉన్న తన చేతుల వైపు చూసుకున్నారు.

ఊళ్ళోనే జూనియర్ కాలేజీలో చేర్పిస్తానన్నారు. ఆ పిల్ల తల ఊపి, ఇంట్లో చెప్పి వస్తానని కొండకి వెళ్ళింది. మరి రాలేదు. వానలు తగ్గాక ఆవిడ, నేను చింతపల్లి దాటి వాళ్ళ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాము. అప్పుడే ఒక జల్లు పడి వెలిసింది. గుమ్మంలో ముసలమ్మ అడ్డాకుల విస్తర్లు కుడుతోంది.

"నేదమ్మా. పిల్ల కాఫీ తోటల పనికి ఎల్లిపోనాది," అంది తల ఎత్తకుండా.

చూరుకి ఆ నల్ల గొడుగు వేలాడుతోంది. అంచుల నుంచి నీరు ఇంకా కారుతోంది. ముసలమ్మ వెనుక తలుపు ఓరగా వేసి ఉంది.

టీచరమ్మగారు గొడుగునీ తలుపునీ చూసి, లోపలికి వినపడేటట్టు ఒక మాట అన్నారు. "నేను రావాల్సింది. ఆలస్యంగా వచ్చాను." ఆ తరువాత చూరు కింద గుంజ పక్కన నిలబడ్డారు. కూర్చోమని ముసలమ్మ పీట వేసినా కూర్చోలేదు. తిరుగు బస్సు వేళ అయ్యేవరకూ అలాగే నిలబడ్డారు. తలుపు తెరుచుకోలేదు.

ఆ ఏడాది నుంచి రిహార్సలులో మాట మారింది. స్తంభం చుట్టూ పిల్లలను నిలబెట్టి ఆవిడ ఇలా చెప్పేవారు. "ఎవరి కోసమూ ఆగకండి. నా కోసం అసలే ఆగకండి. తప్పు బస్సు ఎక్కినా పరవాలేదు, దిగి అడగండి. నోరుంది, అడగండి." అది చెప్పేటప్పుడు గొంతు కొంచెం గట్టిపడేది. పిల్లలకి కారణం తెలియదు.

ఇంటర్వ్యూల రోజున మాత్రం, అంతవరకూ ఎవరి వెంటా వెళ్ళని మనిషి, తొలి బస్సులో అనకాపల్లి వెళ్ళి ఆ స్తంభం పక్కన నిలబడేవారు. పిల్లలతో మాట్లాడేవారు కాదు. వాళ్ళు దిగడం, అడగడం, ఎక్కడం దూరం నుంచి చూసి, సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేవారు. రిటైరయిన తరువాత కూడా మానలేదు. రెండు మూడుసార్లు నేను తోడు వెళ్ళాను. కొండల నుంచి వచ్చే బస్సు ఆగినప్పుడల్లా ఆవిడ చూపు దిగేవారందరి మొహాల మీదా ఒక్కసారి తిరిగి వచ్చేది. క్లాసులో కూడా, పాఠం మధ్యలో వాన మొదలైతే, ఆవిడ మాట ఆపి ఒక క్షణం గుమ్మం వైపు చూసేవారని ఆవిడ శిష్యురాళ్ళు నాతో చెప్పారు. ఇది చదివే మీలో, ఆవిడ దగ్గర చదివిన కొందరికి అది గుర్తుండే ఉంటుంది. ఎవరికోసమో నాకు తెలుసు.

ఆవిడ చేతిమీదుగా కాలేజీ గేటు దాటినవారిలో నర్సులున్నారు, టీచర్లున్నారు, పాయకరావుపేటలో బ్యాంకు ఉద్యోగి ఒకామె ఉంది. వాళ్ళ పేర్లన్నీ నేను వరసగా రాసి ఉంచాను. ఒకసారి ఆ కాగితం ఆవిడకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చివరివరకూ చదివి, "బాగుంది మాస్టారూ," అని తిరిగి ఇచ్చారు. చదువుతున్నంతసేపూ ఆవిడ వెతికినది అందులో లేని పేరు.

పోవడానికి ముందు ఆదివారం నేను చూడటానికి వెళ్ళాను. మాట సన్నగిల్లింది గానీ మతి చెదరలేదు.

"గురువారం ఇంటర్వ్యూలు కదండీ?"

"అవునండి."

"మీరొకసారి వెళ్ళి నిలబడండి. ఎవరూ ఉండరు. ఉండరని చూసుకోవడానికే వెళ్ళేది."

సరేనన్నాను. ఆవిడ కాసేపు ఊపిరి కూడదీసుకుని, "మెట్రిక్ సంగతి?" అన్నారు. వచ్చే యేడు అనడానికి నాకు నోరు రాలేదు.

బుధవారం మిషన్ సమాధుల తోటలో ఆవిడని ఉంచి వచ్చాము. గురువారం తొలి బస్సుకి నేను అనకాపల్లి వెళ్ళాను. స్తంభం పక్కన నిలబడ్డాను. మన ఊరి పిల్ల ఒకతె ట్రంకు పెట్టెతో దిగింది. ఒక బస్సు ఎక్కింది, ఎవరినో అడిగింది, నాలిక కరుచుకుని దిగింది, పెట్టె ఈడ్చుకుంటూ పరుగెత్తి ఇంకొకటి ఎక్కింది. అది విశాఖ బస్సే. స్తంభం వైపు తిరిగి కూడా చూడలేదు. ఆవిడ చూసి ఉంటే సంతోషించేవారు.

టీ కొట్టాయన ఇప్పుడు ముసలివాడయ్యాడు. అడగకుండానే రెండు గ్లాసులు కడిగి బల్ల మీద పెట్టి, నా వెనక్కి చూశాడు.

"టీచరమ్మగారు రానేదేటండీ?"

ఆ ప్రశ్న నేను వినడం అది రెండోసారి. మొదటిసారి అడిగినది ఆ కొండ పిల్ల. అతను నా మొహం చూసి, ఒక గ్లాసు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. జనమంతా రేకుల కిందకి తోసుకువచ్చారు. ఒకతను మూట తెచ్చి స్తంభం మొదట్లో దించబోయాడు.

"అక్కడెట్టకు బాబూ," అన్నాడు టీ కొట్టాయన. "అది అమ్మగారి సోటు."

అతను మారుమాట లేకుండా మూట ఎత్తుకున్నాడు. నేనూ ఒక అడుగు పక్కకి జరిగాను. కొండ బస్సు వచ్చి ఆగింది. తడిసిన మనుషులు ఒక్కొక్కరే దిగారు. ఇంకా జనం వచ్చారు, భుజాలు భుజాలు ఒరుసుకున్నాయి, జల్లు లోపలికి కొట్టి నేలంతా తడిసింది. నాకూ స్తంభానికీ మధ్య ఒక మనిషి నిలబడేంత నేల మాత్రం సాయంత్రందాకా పొడిగానే ఉంది.