తోట ఉన్నవాళ్ల ఛార్జీ

ఉద్దానం నుంచి విశాఖపట్నం ఆసుపత్రికి వారానికి రెండుసార్లు ఒక వ్యాను వెళ్లేది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. అందులో ఎక్కేవాళ్లంతా కిడ్నీలు పోయి డయాలసిస్‌కు వెళ్లేవాళ్లే. చేరేది ఒకే చోటికి, కూర్చునేది అవే సీట్లలో. ఛార్జీ మాత్రం ఎవరిది వారిదే.

వ్యాను యజమాని అంతకుముందు కొబ్బరికాయల వ్యాపారి. వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల ఎవరి తోట ఎంత కాస్తుందో అతనికి కంఠతా వచ్చు. ఆ లెక్కనే ఛార్జీ వేసేవాడు. తోట ఉన్నవాళ్లు నిండుగా ఇవ్వాలి. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టేవాళ్లకు సగం. ఏమీ లేనివాళ్లు ఎంతిస్తే అంత.

మా అక్క భర్త, అంటే మా బావ, నిండు ఛార్జీ మనిషి. నేను పలాసలో ఒక దినపత్రికకు విలేకరిని. వీలైనప్పుడు ఆయనకు తోడుగా వెళ్లేవాణ్ణి. టెక్కలి దాటేదాకా ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఆ తర్వాత వెనక సీట్లోంచి, బావకు మరదలి వరసయ్యే పిక్కల కూలీ ఒకామె మొదలెట్టేది.

“ఏటి బావా, నీకాడ అంత తీసుకుంటన్నాడు? నీ తోటక్కూడా టికెట్టు కొట్టీసినాడేటి?”

“కొట్టనీవే. కిటికీ కాడ సీటు దానికే ఇచ్చీసినాను” అనేవాడు బావ. వ్యానంతా నవ్వేది.

“తోటలున్నోలు ఇత్తేనే గదా ఏటీ నేనోలు ఎల్తారు. డీజిలు ఊరికే వత్తాదేటి?” అనేవాడు యజమాని, స్టీరింగు ముందు నుంచి. ఆ మాట విన్నప్పుడు బావ ముఖం కాస్త తేటపడేది.

ఆ రోజుల్లోనే మా పత్రిక వ్యాపారం పేజీకి ఒక వ్యాసం తెలుగు చేశాను. కంపెనీలు ఒకే సరుకును ఒక్కొక్కరికి ఒక్కో ధరకు అమ్ముతాయట. ఎవరు ఎంత ఇవ్వగలరో కనిపెట్టడమే వాటికి కష్టమట. ధర తగ్గుతుందని కొనేవాడు తన కలిమిని దాచుకుంటాడట. మా బావ దాచుకున్నది లేమిని.

తోట అప్పటికే అమ్మేశాడు. ఆ ఏడు కాపు బావ దింపుకొనేదాకా అటువైపు రానని, కొన్న కోటబొమ్మాళి మనిషి దగ్గర మాట తీసుకుని, ఊళ్లో ఎవరికీ తెలియకుండా అమ్మాడు. ఆ డబ్బు ఆసుపత్రిలో కరిగిపోయింది. నిండు ఛార్జీ పెట్టలేక, రెండుసార్లు వెళ్లాల్సినవాడు ఒక్కసారే వెళ్లడం మొదలుపెట్టాడు. కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు.

“తోట నేదని ఒక్క మాట సెప్పు బావా. సగమే తీసుకుంటాడు. రెండుసార్లూ ఎల్లొచ్చు” అన్నాను.

“మిగతా సగం ఎవుల కాడ లాగుతాడు? ఆ పిక్కలు కొట్టేదాని కాడా? నువ్వు పేపరోడివి, ఊరంతా సాటింపెయ్యకు.”

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. “సెప్పకురా. ఆ యాను ఎక్కినంతసేపే మనిసిలాగ ఉంటన్నాడు” అంది.

తోట కొన్నాయన మాట నిలబెట్టుకోలేదు. ఒక సాయంత్రం మేము తిరిగి వచ్చేసరికి తోట ముందు అతని ట్రాక్టరు ఆగి ఉంది. కొత్త మనుషులు కాయలు ఎక్కిస్తున్నారు. వ్యాను యజమాని వేగం తగ్గించి చూశాడు. కాయల వ్యాపారం చేసినవాడికి అంతకంటే ఏం చెప్పాలి?

ఇంటి దగ్గర దిగి బావ ఎప్పటిలాగే నోట్లు ఇచ్చాడు. యజమాని సగం తీసి ఆయన జేబులో పెట్టి, “ఉంచు మావా” అన్నాడు మెల్లగా. అందులో ఎగతాళి లేదు. వెనక సీటామె అది చూసి చూపు తిప్పుకుంది.

తర్వాతి విడత వ్యాను వచ్చి హారన్ కొట్టింది. అక్క ఉతికిన చొక్కా తెచ్చి మంచం మీద పెట్టింది. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

“లెగు బావా. ఇప్పుడు రెండుసార్లూ ఎల్లొచ్చు గదా” అన్నాను.

“ఎవులి డీజిలు మీద?” అన్నాడు.

యజమాని దిగివచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “పైసా ఒద్దు మావా, లెగు” అని బతిమాలాడు. ఆ మాట వినగానే బావ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

వ్యాను వెళ్లిపోయింది. బావ ఆ వారం దాటలేదు. నిండు ఛార్జీ ఇచ్చేవాళ్లు అలా ఒక్కొక్కరే తగ్గిపోయాక వ్యాను వారానికి ఒకసారే వెళ్లసాగింది. పిక్కలు కొట్టే ఆమె, వ్యాను రావడం మానేసిన ఆ రెండో విడత రోజున, వాకిట్లో కూర్చుని రోడ్డు వైపు చూస్తుండేది.