చుక్క పెట్టిన గుడ్లు

మొన్న మా అర్బాబ్ కొడుకు, అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని, కోళ్ళ షెడ్డులోకి గుడ్లు పొదిగే యంత్రం ఒకటి తెచ్చి పెట్టించాడు. అది గంటకోసారి దానంతటదే గుడ్లన్నిటినీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరిగిస్తుంది. కొత్తగా వచ్చిన పనివాళ్ళు చుట్టూ మూగి వింతగా చూస్తుంటే నేను అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను. నేను ఇంటికి పోయేదాకా దాన్ని చూసుకునే పని నాకే అప్పజెప్పబోతే, కళ్ళు సరిగా ఆనడం లేదని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. పదిహేనేళ్ళుగా గుడ్డు తిప్పడం అన్న మాట వింటేనే అక్కణ్ణుంచి లేచిపోతాను. అది ఎందుకన్నది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఇంటిదానికి కూడా.

నేను ఇరవై నాలుగో ఏట జగిత్యాల వైపు నుంచి ఒమాన్ వచ్చి, అల్ సువైక్‌లో రెండేళ్ళు సైట్ల మీద ఇటుకలు మోసి, ఆ తర్వాత బర్కాలోని ఈ ఖర్జూరపు తోటలో కుదురుకున్నాను. తోట నడుమ ఒక కొలను, అందులో రెండు తాబేళ్ళు ఉండేవి. మన చెరువుల్లో కనబడే తాబేళ్ళు అనుకునేరు, ఆడది పెళ్ళిళ్ళలో వాడే గంగాళమంత ఉండేది, మగది అందులో సగం. దక్షిణ అమెరికా నదుల జాతి అట. అడిగేవాళ్ళు లేని రోజుల్లో అర్బాబ్ తండ్రి వాటిని సాసరంత పిల్లలప్పుడు తెప్పించాడట. వాటికి తోటకూర, పుచ్చకాయ తొక్కలు, రాలిన పండ్లు వేయడం నా డ్యూటీ. అర్బాబ్‌తో మాట్లాడడానికి నాకు అరబ్బీ పది మాటలే వచ్చు గనుక, ఇంటి సంగతులన్నీ ఆ ఆడ తాబేలుకే తెలుగులో చెప్పుకునేవాణ్ణి. నా ఇద్దరు పిల్లలు పుట్టిన కబురు కూడా మొదట దానికే చెప్పాను. ఆ రెండుసార్లూ నేను ఇక్కడే ఉన్నాను, సెలవు దొరకలేదు.

అల్ ఖౌద్‌లోని యూనివర్సిటీలో జంతువుల మీద పనిచేసే ఒక కడప సార్ అప్పుడప్పుడు శుక్రవారాలు ఈ తాబేళ్ళను చూడడానికి వచ్చేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, నాతో మాత్రం కమ్మని సీమ తెలుగు. వాటి పుట్టింటి కథ ఆయన నోటే విన్నాను. ఎండకాలం నది తగ్గి ఇసుక తిన్నెలు తేలినప్పుడు ఆడవన్నీ గుంపుగా వచ్చి గుడ్లు పెడతాయట. ఇసుక బాగా కాగితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు అవుతారట. ఒకప్పుడు జనం నూనె కోసం తిన్నెలకు తిన్నెలు తవ్వి గుడ్లు ఎత్తుకుపోతే జాతే తరిగిపోయిందట, ఇప్పుడు ఆ ఒడ్డున ఉండే పల్లెలవాళ్ళే కాపలా కాస్తున్నారట. తల్లులు గుడ్లు పెట్టి వెళ్ళిపోవట, పిల్లలు బయటికి వచ్చేదాకా ఒడ్డు దగ్గరి నీళ్ళలోనే ఉండి పిలుస్తుంటాయట, పిల్లలు గుడ్డులోంచే బదులు పలుకుతాయట. తాబేలు పిలవడమేమిటని నేను ఆయన్ని ఎంత ఆటపట్టించానో.

ఒక చలికాలం మగది చచ్చిపోయింది. ఆ ఏడు ఎండలు ముదిరే ముందు, ఒక తెల్లవారి చూస్తే ఆడది కొలను గట్టు మీది ఇసుకలో గుడ్లు పెట్టి ఉంది. మగదాని బీజం ఇంకా దాని కడుపులో నిలిచి ఉంటుందని, ఇదే కడసారి కావచ్చని సార్ చెప్పాడు. పిల్లలు బతికితే ఆ జాతిని కాపాడేవాళ్ళకు అప్పగించాలని అర్బాబ్‌ను ఒప్పించాడు కూడా. కుక్కలు తవ్వుతాయని గుడ్లను ఒక్కొక్కటిగా ఎత్తి, పైభాగాన పెన్సిలుతో చుక్క పెట్టి, ఇసుక నింపిన చెక్కపెట్టెలో పేర్చి, ఈ చుక్కలు చూసుకుంటా ఉండన్నా, అంతే నీ పని అని నాకు అప్పజెప్పాడు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంట్లో కోడిని పొదగేసే ముందు మన అమ్మలు గుడ్ల మీద బొగ్గుతో గుర్తు పెట్టేవారు. మా అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి, కోడి మేతకు లేచినప్పుడల్లా గుర్తు చూసి గుడ్డును తిరగేసేది, ఒకే పక్క ఉంటే కుళ్ళిపోతుందని. చుక్క చూసుకో అంటే నాకు అర్థమైంది అదే. యాభై రోజులకు పైగా, ఎంత పని ఉన్నా, పొద్దున్నే వేళ్ళతో మెల్లగా ఇసుక తీసి, ఒకరోజు చుక్క పైకి, మరునాడు కిందికి, ఒక్క గుడ్డు వదలకుండా తిప్పి మళ్ళీ కప్పేవాణ్ణి. నా పిల్లలకు చేయలేని చాకిరీ వీటికి చేస్తున్నానని లోలోపల పొంగిపోయేవాణ్ణి. సార్ మధ్యలో రెండుసార్లు వచ్చాడు గానీ ఇసుక కదపకూడదని తనకు తెలుసు గనుక, పెట్టెలో గుచ్చిన థర్మామీటరు మాత్రం చూసి వెళ్ళాడు. రెండోసారి కొలనులోకి మైకు దించి, దాని తీగకున్న ఇయర్‌ఫోను నా చెవికి పెట్టాడు. కుండలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు సన్నగా, ఆగి ఆగి, ఒక పిలుపు వినిపించింది. తాబేలు మేత సగం మానేసి గట్టు దగ్గరే ఉంటున్నది అందుకని అప్పుడు తెలిసింది.

గడువు దాటి పది రోజులైనా ఏదీ కదలకపోతే సార్ వచ్చి ఇసుక తీశాడు. చుక్కలన్నీ కిందికి ఉన్నాయి.

“ఈ గుడ్లు ఎవురు తిప్పినారన్నా?”

“నేనే సార్. దినాం తిప్పిన, ఒక్క దినం సుత తప్పలే.”

ఆ మాట నేను గర్వంగా అన్నాను. మెచ్చుకుంటాడని ఆయన ముఖంలోకి చూశాను కూడా. ఆయన తోలులా మెత్తటి పెంకున్న ఆ గుడ్లలో ఒకదాన్ని చించి చూపించాడు, లోపల గోరంత పిల్ల ఎప్పుడో ఆగిపోయి ఉంది. తాబేలు పిల్ల గుడ్డు పైభాగానికి అంటుకొని పెరుగుతుందట, కోడిపిల్లలా కాదట, తిప్పితే చచ్చిపోతుందట. అన్నీ అంతే. “నేనే ఇడమర్చి చెప్పాల్సింది. తప్పు నాదేలేన్నా” అని ఆయన నా భుజం పట్టుకున్నాడు. అర్బాబ్‌తో మాత్రం ఎండ ఎక్కువైందని చెప్పాడు. అర్బాబ్ నన్ను పిలిచి, నీ అంత శ్రద్ధగా ఎవరు చూస్తారు, బాధపడకు అని సార్ చేత తెలుగులో చెప్పించాడు. ఆ రోజు నేను ఏడ్చినట్టు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు. తాబేలు మాత్రం ఎండకాలం అయ్యేదాకా గట్టును వదలలేదు.

ఇప్పుడు అర్బాబ్ లేడు, సార్ ఎప్పుడో ఉద్యోగం మాని కడప వెళ్ళిపోయాడు. బావి నీళ్ళు ఉప్పెక్కి సగం ఖర్జూరాలు ఎండిపోయాయి. మిగిలిన తోటలో విడిది గదులు కడతారట, తాబేలును ఏం చేస్తారో ఎవరూ చెప్పరు. దానికి మళ్ళీ గుడ్లు కాలేదు. నా వీసా వచ్చే నెల క్యాన్సిల్ అవుతుంది. సెలవుపై ఇంటికి పోవాలంటే కాళ్ళు నిలవని రోజులుండేవి, ఇప్పుడు శాశ్వతంగా పోవాలంటే కాళ్ళు రావడం లేదు. ఎన్నిసార్లో దానికి జరిగింది చెప్పుకుందామని గట్టు మీద కూర్చున్నాను, ఇంటి సంగతులన్నీ చెప్పినవాడికి ఆ ఒక్క మాట నోట రాలేదు. ఈరోజు కూడా తోటకూర పట్టుకొని నీళ్ళలో చెయ్యి పెట్టగానే, ఎప్పటిలాగే కొలను ఆ చివరి నుంచి ఈదుకుంటూ వచ్చి, భయం లేకుండా నా చేతిలోంచే తిన్నది.