స్లాబుకు మూడు బొక్కలు

"బొక్క కొట్టేదానికెంత, మళ్ళా పూడ్చేదానికెంత? రెండూ కలిపి చెప్పప్పా."

పట్టుచీరల వ్యాపారి మురళి రామాంజిని తొలిసారి అడిగిన మాట ఇది. అడగడంలో తప్పేమీ లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపట్ల రామాంజి బతుకుదెరువే అది. ప్లాను దాటి కట్టారని ఎవరో ఫిర్యాదు చేస్తారు. మున్సిపాలిటీ ప్లానింగు వాళ్ళ టేపు వస్తుంది, నోటీసు వస్తుంది, చివరికి సమ్మెటతో రామాంజి వస్తాడు. లోపలి కమ్మీలకు దెబ్బ తగలకుండా స్లాబుకు మూడు బొక్కలు కొడతాడు. అధికారి ఫొటో తీసుకుంటాడు. ఫిర్యాదు పరిష్కారమైనట్టే. వారం పోయాక అదే రామాంజి సిమెంటు పట్టుకెళ్ళి పూడ్చి వస్తాడు. చట్టం అమలైందని ఒకరికి, ఇల్లు నిలిచిందని ఒకరికి తృప్తి. ఇందులో అన్యాయం వెదికేవాళ్ళకు తీరిక ఎక్కువ.

మురళి ఇంటి మూడో అంతస్తులో రామాంజి పూడ్చిన చోటు మొదటి వానకే కారింది. చీరల మూటలు తడిశాయి.

"నీ ఇంటి మీద గది ఏ ప్లానుతో లేపినావురా?" అన్నాడు మురళి. మర్నాడే ఫిర్యాదు పెట్టాడు.

ఆ గదికి నిజంగానే ప్లాను లేదు. కింద ఒకే గదిలో ఏడుగురు పడుకోలేక, భార్య ఈశ్వరి చీటీ పాడి వేయించిన గది అది.

రామాంజి బెదరలేదు. ప్లానింగు అధికారి నాగేంద్ర వస్తే టీ తెప్పించాడు.

"మూడు కొట్టేస్తా సార్. ఫొటో తీసుకోండి."

"మూడు చాలవు రామాంజీ. ఈసారి ఒకటన్నా పూర్తిగా పడగొట్టి చూపియ్యమంటాండారు పైనోళ్ళు."

"మురళి సార్‌ది ఉండాది కదా సార్!"

"ఆయన కోర్టుకు పోయి స్టే తెస్తాడు. నువ్వు తెస్తావా?"

నాగేంద్ర టీ గ్లాసు కింద పెట్టాడు.

"జేసీబీ వస్తే కింది గదీ పోతాది. నువ్వే కొట్టుకో. మున్సిపాలిటీ లెక్కలో నీ కూలి రాపిస్తాలే."

కొట్టాడు. ఈసారి కమ్మీలు కూడా కోశాడు. ఈశ్వరి పెళ్లలు తట్టలకెత్తి కిందికి మోసింది. మురళి వీధిలో బండి ఆపి చూశాడు.

"గట్టిగా కట్టుకున్నావే! ఈ సిమెంటు నా ఇంటికి యాడ పోయింది?"

ఈశ్వరి తట్ట దించి మొగుడి వైపు తిరిగింది. "కొట్టేది ఇంత బాగా వచ్చునే, పూడ్చేది కూడా నేర్చుకొనుంటే ఏమప్పా నీకు?"

నాగేంద్ర ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు. ఫిర్యాదు మూసేశారు.

ఆ రోజు కూలి తొమ్మిది వందలు రామాంజికి ఇంకా రావాలి.