మోకాటి లోతు

కంభం నుంచి అర్ధవీడు వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, రంగనాయకులు బత్తాయి తోట ఉంది. కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన రంగనాయకులు, బత్తాయి కూడు పెట్టదని తేలిపోయాక తోట మధ్యలో రెండు గదులు కట్టించి, పైన ఎర్రపెంకు వేయించి, రోడ్డు మీద కాటేజీ అని బోర్డు పెట్టాడు. గుంటూరు నుంచీ హైదరాబాదు నుంచీ జనం వచ్చి రెండు రోజులుండి, సంగటీ నాటుకోడి కూరా తిని, చుట్టుపక్కల తిరిగి పోతుంటారు. వాళ్లకు వండిపెట్టేదీ గదులు ఊడ్చేదీ పక్కలు పరిచేదీ పిచ్చమ్మ.

ఏడేళ్ల కిందట ఆమె పనిలో చేరిన మొదటి వారమే ఒకాయన అడిగాడు, ఇక్కడ చూడ్డానికి ఏమున్నాయమ్మా అని. పిచ్చమ్మ చీపురు పట్టుకునే నిలబడి నిజంగానే ఆలోచించింది.

"ఏముండాయి సారూ. రాళ్లు, కంపచెట్లు" అంది.

రంగనాయకులుకు ఒళ్లు మండింది. ఆయన వెళ్లాక వంటగది గడపలో నిలబడి, "తినే కంచంలో మన్ను పోసుకుంటావా పిచ్చమ్మా? వచ్చినోళ్లకు లేదని చెప్పగాకు. ఏదో ఒకటి ఉందని చెప్పు" అన్నాడు.

అప్పటినుంచి పిచ్చమ్మ మాటలు ఏరుకోవడం మొదలుపెట్టింది. సాయంత్రం తిరిగొచ్చినవాళ్లకు టీ పోస్తూ, ఎక్కడికి పోయారు, మెట్లెన్ని, నీడ ఎక్కడ, కోతులు ఎక్కడ సంచులు లాక్కుంటాయి అని అడిగేది. వాళ్లు చెప్పింది మనసులో పెట్టుకుని తర్వాత వచ్చినవాళ్లకు చెప్పేది. మార్కాపురం చెన్నకేశవుడి గుడికి ఎండెక్కక ముందే పోండి, రాళ్లకు కాళ్లు కాలతాయి. భైరవకోనకు పోతే తాగే నీళ్లు ఇక్కడే పట్టుకోండి. గిద్దలూరులో రైలెక్కి నంద్యాల దాకా పోయి మళ్లీ రండి, దోవలో అడవీ సొరంగాలూ వస్తాయి, కిటికీ పక్కన కూచోండి. ఇలా చెబుతుంటే వినేవాళ్లకు ఆమె అడవిలోనే పుట్టిందేమో అనిపించేది.

దూరపు కొండలు నునుపంటారు. పిచ్చమ్మకు దగ్గర కొండలు కూడా నునుపే, ఎందుకంటే ఆమె ఒక్కటీ ఎక్కి చూసింది లేదు. కంభం చెరువు కట్ట తప్ప తాను చెప్పే చోట్లలో ఏదీ చూడలేదు. పుట్టింది హనుమంతునిపాడు దగ్గర మెట్టపల్లెలో. ఊరు దాటడమంటే మిరపకాయలు కోయడానికో పత్తి తీయడానికో దాటడమే. పెళ్లయి కంభం పక్కకు వచ్చినా అదే బతుకు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ పని. చూడ్డానికని ఇల్లు కదిలే మనుషులుంటారని కాటేజీకి వచ్చాకే తెలిసింది. మొగుడు శాంతయ్య పలకల గనిలో దుమ్ము మింగి మింగి యాభై నిండకుండానే పోయాడు. ఆ గనుల దగ్గరికి కూడా జనం కెమెరాలు మెడలో వేసుకుని పోతారని విన్నరోజు ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మరి చూడనివాటి గురించి ఎందుకు చెప్పేది? యజమాని చెప్పమన్నాడు కనుక, అది ఒక కారణం. అసలు కారణం వేరే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. పిచ్చమ్మ యాభై రెండేళ్లూ వినే వైపునే ఉండిపోయింది. మేస్త్రీ చెబితే వింది, ఆసామి చెబితే వింది, పాస్టరుగారు చెబితే వింది. ఆమెను ఒక మాట అడిగి, ఆమె చెప్పినట్టు నడుచుకున్నవాళ్లు కాటేజీకి వచ్చినవాళ్లే. కార్లలో వచ్చి, కళ్లజోళ్లు పెట్టుకుని, "ఇవాళ ఎటు పొమ్మంటావమ్మా" అని ఆమె మొహంలోకి చూసేవాళ్లు. నాకు తెలియదు అనే మాట ఆ చూపు ముందు నోటికి రాదు. ఎవరికైనా రాదు.

ఆమె ఏరుకున్న మాటల్లో ఎలుగు మడుగు ఒకటి. కొండ కింద ఆఖరి పల్లె దాకా ఆటోలో పోయి, అక్కడినుంచి వాగు వెంట ఒక గంట నడిస్తే రాళ్ల మధ్య మడుగు వస్తుంది. ఒక మే నెలలో ఒంగోలు కాలేజీ పిల్లలు వెళ్లొచ్చి, "నీళ్లు మోకాటి లోతే ఆంటీ, హాయిగా దిగొచ్చు" అన్నారు. పిచ్చమ్మ ఆ మాటను మూడేళ్లు చెప్పింది. పోయినవాళ్లందరూ పాదాలు తడుపుకుని నవ్వుకుంటూ తిరిగొచ్చారు. మాటకు కూడా ఒక నెల ఉంటుందని, మేలో నిజమైంది అక్టోబరులో నిజం కాకపోవచ్చని ఆమెకు తట్టలేదు. వాన మీద బతికే మెట్టపల్లెలో పుట్టి పెరిగిన మనిషికి అది తెలియదా అంటే, తెలుసు. తెలిసింది గుర్తురాలేదు, అంతే.

నిరుడు దసరా వెళ్లాక చిలకలూరిపేట నుంచి నాగరత్నమ్మ, ఆమె భర్త వచ్చారు. ఇద్దరూ బడిపంతుళ్లుగా పనిచేసి రిటైరైనవాళ్లు, ఆయన లెక్కల మాస్టారు. అప్పటికి వాళ్లు రావడం మూడోసారి. మాస్టారు కాటేజీలో ఉన్నన్నాళ్లూ తిన్న కంచం తానే కడుక్కునేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. వచ్చిన మర్నాడు ఉదయం పిచ్చమ్మ పులిహోర కలుపుతుంటే నాగరత్నమ్మ వంటగదిలోకి వచ్చి, "ఎలుగు మడుగుకు పోదామనుకుంటున్నాం. నీళ్లు లోతుంటాయా? ఆయనకు ఈత రాదు" అని అడిగింది.

"మోకాటి లోతేనమ్మా" అంది పిచ్చమ్మ, పులిహోర మీంచి తల ఎత్తకుండానే.

మధ్యాహ్నం మూడింటికి పల్లెవాళ్లు మాస్టారిని జీపులో తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. ముందు వారం కొండల్లో వానలు పడ్డాయట, మడుగు నిండి ఉందట, రెండడుగులు వేసి మూడో అడుగులో మునిగిపోయాడట. అందరూ ఏడుస్తున్నారు. పిచ్చమ్మ మాత్రం ఆయన కాళ్ల వంకే చూస్తూ నిలబడిపోయింది. రెండు కాళ్లకూ ప్యాంటు సరిగ్గా మోకాలి దాకా మడిచి ఉంది. ఒక్కో కాలికి నాలుగు మడతలు, ఒకటి ఎక్కువా తక్కువా లేకుండా. ఆ మడతలు ఎవరి మాట మీద పెట్టుకున్నవో అక్కడున్న ఎవరికీ తెలియదు, ఆమెకు తప్ప.

మర్నాడు కానిస్టేబుల్ వచ్చే ముందు రంగనాయకులు ఆమెను బోరు దగ్గరికి పిలిచాడు.

"నువ్వేం చెప్పలేదను. వాళ్లంతట వాళ్లే పోయినారను. కాటేజీ మూతపడితే నాకూ కూడు లేదు, నీకూ లేదు."

పిచ్చమ్మ అలాగే అంది. కానిస్టేబుల్ రాసుకున్నాడు, ఆమె సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఏడాదిపాటు నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే వంతు వచ్చేసరికి, ఒంట్లో బాగాలేదని పిచ్చమ్మ లేచి బయటికి వెళ్లి చెప్పుల దగ్గర నిలబడేది. అపవిత్రంగా ఆ రొట్టె ముట్టుకోకూడదని ఆమె నమ్మకం. పాస్టరమ్మ ఒకటి రెండుసార్లు ఏంది సంగతి అని అడిగి, తర్వాత అడగడం మానేసింది.

ఈ అక్టోబరులో నాగరత్నమ్మ ఒక్కతే వచ్చింది. పాత గదే కావాలంది. సాయంత్రం వసారాలో కూర్చుని, రంగనాయకులు అక్కడుండగానే అడిగింది.

"ఒక్క మాట కోసం వచ్చాను పిచ్చమ్మా. ఆ రోజు నువ్వు మోకాటి లోతు అన్నావా, అనలేదా? నువ్వేమీ చెప్పలేదని పోలీసులకు రాయించావట. మా అబ్బాయి, నువ్వే ఏదో ఊహించుకున్నావమ్మా, అంటున్నాడు. నాకు అన్నట్టే గుర్తు. కానీ ఇప్పుడు అది గుర్తో కాదో కూడా తెలియడం లేదు."

రంగనాయకులు గొంతు సవరించుకున్నాడు. పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గ్యాపకం లేదమ్మా" అంది.

నాగరత్నమ్మ కోప్పడలేదు. "సరే. రేపు మడుగు దాకా నాతో రా" అంది. కాటేజీవాళ్లను తిప్పే ఆటో పాల్ రాజు తీసుకుపోతాడు, తోడుగా అతను వస్తాడులెమ్మని రంగనాయకులు అడ్డుపడ్డాడు. "పిచ్చమ్మే రావాలి. దారి తెలిసిన మనిషి" అంది నాగరత్నమ్మ.

మర్నాడు ఎండ రాకముందే పాల్ రాజు ఇద్దరినీ ఆఖరి పల్లెలో దించి, ఆటో దగ్గరే ఆగిపోయాడు. ఇద్దరాడవాళ్లు వాగు వెంట నడిచారు. నాగరత్నమ్మ వెనక, పిచ్చమ్మ ముందు. అరగంట నడిచాక వాగు రెండుగా చీలింది. ఒక బాట ఎడమపక్క రాళ్ల మీదుగా పైకి పోతుంది, ఇంకోటి వెదురు పొదల్లోకి పోతుంది. పిచ్చమ్మ ఆగిపోయింది.

"ఎటు?" అంది నాగరత్నమ్మ.

పిచ్చమ్మ ఒకసారి రాళ్ల వైపు, ఒకసారి వెదురు వైపు చూసింది.

"నాకు గుర్తు లేదు పిచ్చమ్మా. ఆ రోజు ఆయన ముందు నడుస్తుంటే ఆ వీపు చూసుకుంటూ వచ్చాను. తిరిగి ఎట్లా వచ్చానో తెలియదు. ఎటు పోవాలి?"

కుడివైపు అనేయొచ్చు. ఏడేళ్లుగా చేసింది అదే గదా. ఎడమ అన్నా నడిచిపోతుంది, తప్పయితే వెనక్కి రావచ్చు. నోరు తెరిచింది కూడా. కానీ మడతపెట్టిన ఆ ప్యాంటు కళ్లముందుకు వచ్చి, నోట్లో మాట నోట్లోనే ఆగింది. పిచ్చమ్మ బాట మధ్యలో కూలబడింది.

"నాకు తెలీదమ్మా. నేనీడికి ఎన్నడూ రాలా."

"రాలేదా?"

"ఏడికీ పోలా. భైరవకోనకు పోలా, మార్కాపురం గుడికీ పోలా. వచ్చినోళ్లు చెప్పింది వచ్చేటోళ్లకు చెప్పుకుంటా వచ్చినా. మోకాటి లోతని నేనే అన్నానమ్మా. మీరు సరిగ్గానే విన్నారు. ఎండాకాలంలో ఎవురో పిలకాయలు చెప్పిన మాట అది. చూసి చెప్పలా. పోలీసుకు అబద్దం చెప్పినా, నిన్న మీకూ అబద్దం చెప్పినా."

నాగరత్నమ్మ ఎదురుగా రాయి మీద కూర్చుంది. వెదురుపొదల్లో ఏవో పిట్టలు గోల చేస్తున్నాయి. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఆయన దిగనన్నాడు" అంది. "ప్యాంటు తడుస్తుంది, వద్దులే అన్నాడు. నేనే, పిచ్చమ్మ మోకాటి లోతేనని చెప్పిందిగా, మడుచుకుని దిగండి, ఫొటో తీస్తాను అన్నాను. తర్వాత నువ్వు అనలేదని తేలింది. అనలేదంటే ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చింది? నేనే పుట్టించి ఆయన్ను నీళ్లలోకి పంపానా? ఒకరోజు విన్నాననిపించేది, ఒకరోజు నేనే కల్పించాననిపించేది. పొయ్యి ఆర్పానా లేదా అని కూడా పదిసార్లు లేచి చూసుకునేదాన్ని. నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది."

పిచ్చమ్మ రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఏడ్చింది. తన అబద్ధం కాగితం మీదే ఉండిపోయిందనుకుంది ఇన్నాళ్లూ. అది చిలకలూరిపేట దాకా పోయి, ఒక ఇంట్లో ఏడాదిగా కాపురం చేస్తోందని తెలియదు.

"తప్పయిపోయిందమ్మా" అంది.

"తప్పే" అంది నాగరత్నమ్మ. "క్షమించానని ఇప్పుడు చెప్పలేను. చెబితే అది కూడా చూడకుండా చెప్పిన మాటే అవుతుంది. కానీ నా చెవులు నాకు తిరిగిచ్చావు. అది చాలు ఇవాళ్టికి. లే."

వెదురుపొదల బాటలో మేకలు తోలుకొస్తున్న గురవమ్మ అనే ముసలమ్మ కనిపిస్తే, "అక్కా, ఎలుగు మడుగుకు దోవ ఏదక్కా" అని పిచ్చమ్మే అడిగింది. ముసలమ్మ గడ్డంతో ఎడమవైపు చూపించింది. దారి అడగడం ఇంత సులభమా అని పిచ్చమ్మకు ఆశ్చర్యమేసింది.

మడుగు ఆమె చెబుతూ వచ్చినంత అందంగానే ఉంది. చుట్టూ నల్లరాయి, నీళ్లు కదలకుండా, అడుగు కనిపిస్తున్నట్టే. చూస్తే ఎవరైనా లోతు లేదనే అనుకుంటారు. పిచ్చమ్మ చెప్పులు విడిచి, చీర పైకి చెక్కి, ఒడ్డున పడి ఉన్న ఎండు వెదురుకర్ర తీసుకుంది.

"వద్దు పిచ్చమ్మా."

"చూడాలమ్మా."

ఒక అడుగు వేసింది. పిక్కల దాకా వచ్చింది. రెండో అడుగుకు మోకాలు మునిగింది. అక్కడే నిలబడి కర్రను ముందుకు దించింది. కర్ర దిగింది, ఇంకా దిగింది, చెయ్యి మణికట్టు దాకా నీళ్లలోకి పోయింది, అడుగు తగల్లేదు. ఆమె కంటే పొడుగు కర్ర అది. వెనకనుంచి నాగరత్నమ్మ వచ్చి ఆమె రెండో చెయ్యి గట్టిగా పట్టుకుని ఒడ్డుకు లాగింది. ఇద్దరూ ఆ రాయి మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర డబ్బా విప్పకుండానే, ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఉన్నారు.

ఆ సాయంత్రమే పిచ్చమ్మ రంగనాయకులుతో, "టీచరమ్మకు నిజం చెప్పినా అన్నా. కానిస్టేబుల్ దగ్గరికీ పోయి చెప్తా" అంది. ఆయన లేచి బత్తాయి చెట్లలోకి నడిచాడు.

తర్వాతి వారం హైదరాబాదు నుంచి ఒక కుటుంబం దిగింది. తెల్లారి ఆ ఇంటావిడ వంటగది గడప దగ్గరికి వచ్చి, భైరవకోనలో జలపాతం ఇప్పుడు ఎలా ఉంటుందమ్మా అని అడిగింది.

"నేను చూళ్లేదమ్మా" అంది పిచ్చమ్మ.

ఆవిడ మొహంలో ఆ చూపు, పిచ్చమ్మను ఏడేళ్లు బతికించిన ఆ చూపు, చప్పున ఆరిపోయింది. ఆవిడ ఫోన్ తీసి అందులో వెతుక్కుంటూ వెనక్కి తిరిగింది. పిచ్చమ్మ చేతిలో గరిటె పొయ్యి పక్కన పెట్టి, గడప దాకా వచ్చి వెనకనుంచి పిలిచింది.

"అమ్మా, ఎలుగు మడుగైతే చూసినా. రెండడుగుల దాకా మోకాటి లోతు. మూడో అడుగు లేదు."