కండెలో మిగిలిన దారం

కరోనా మొదటి ఏడాది సూరత్‌లో మరమగ్గాల సాంచాలు బందయ్యాయి. నేత పని లేక, తాపీ నదిలో చేపలు పట్టడానికి ఓ పాత పడవ కొన్నాను. దానికి కరెంటు మోటారు పెడుతున్నానన్న సంబరం నాలో ఆగలేదు. లింబాయత్ వెళ్లే షేర్ ఆటోలో పక్కనున్న నడివయసాయన తెలుగువాడని తెలియగానే, అడగకుండానే నా నేత పని సంగతీ, పడవ లెక్కా చెప్పేశాను.

"మోటారు ముప్పై ఆంపియర్లు గుంజుతదన్నా. రెండు గంటలు తిరుగుత. అరవై ఏహెచ్ బ్యాటరీ సాలు."

మాస్కు వెనక నుంచి ఆయన అడిగాడు. "కండె ఖాళీ అయ్యేదాంక నేస్తవా తమ్మీ?"

నేయనన్నాను. దారం చుట్టిన కండెను, అడుగున కాస్త ఉండగానే మారుస్తాం, లేకపోతే బట్టలో గీత పడుతుంది.

"యాసిడ్ బ్యాటరీ గూడ గంతే. సగం కంటే ఎక్కువ వాడితే జల్ది ఖరాబైతది. ఎదురుగాలి గిట్ల వస్తే ఏం జేస్తవ్? నూటిరవై తీస్కో."

ఆటో ఆగగానే దిగిపోయాడు.

నూటిరవైదే కొన్నాను. మొదటి రోజే తిరుగుదారిలో గాలి ఎదురైంది. ఒడ్డు తాకేదాకా మోటారు ఆగలేదు. ఎగిరి గంతేసి, ఎవరికి చెప్పాలా అని చూశాను. ఆయన పేరు తెలియదు, ముఖమూ చూడలేదు.

ఇప్పుడు సాంచాలు మళ్లీ నడుస్తున్నాయి. కండె మార్చినప్పుడల్లా, అడుగున మిగిలిన ఆ కాస్త దారాన్ని పారేయబుద్ధి కాదు.