తాడు పట్టుకున్న చెయ్యి

ఖతర్‌లో, ముఐథర్ అనే పేటలో, ఒక అరబ్బు పెద్దమనిషి ఇంట్లో నాకు పని. ఇంగ్లండ్ పత్రికలు డెబ్బై ఏళ్ళ కిందట తీయించిన ఫోటోలు ఆయన పెట్టెలకు పెట్టెలు కొన్నాడు. వాటికి జాబితా రాయాలి. తెలుగు పత్రికలో ముప్ఫై ఏళ్ళు ఫోటో డెస్కు చూసినవాణ్ణని నన్ను పెట్టుకున్నాడు.

గాలికెగిరిన టోపీ వెనక పరుగెత్తే గుమాస్తా. పట్టపగలే కమ్మిన పొగమంచులో, లాంతరు పట్టుకుని బస్సు ముందు నడిచే కండక్టరు. వానలో బెంచీ మీద కూర్చుని పొట్లంలోంచి చేప తింటున్న పెళ్ళికూతురు. వీళ్ళలో చాలామంది ఈపాటికి పోయే ఉంటారు. అయినా పెట్టె మూత తీయగానే అందరూ ఒక్కసారి నావైపు చూసినట్టుంటుంది.

ముషైరిబ్‌లో నా గది నుంచి నన్ను తీసుకొచ్చేది ఆ ఇంటి డ్రైవరే. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు అతనిది. ఒక శుక్రవారం పొద్దున పెట్టె దించుతూ పైనున్న ఫోటో దగ్గర ఆగిపోయాడు. రేవులో ఓడ నుంచి ఏనుగును క్రేనుతో దించుతున్నారు. కింద మన దేశపు కళాసీలు వరసగా నిలబడి తాడు లాగుతున్నారు. వరసలో చివరి మనిషి ఉండాల్సిన చోట తెల్లరంగు. అచ్చులో అక్కర్లేదనుకున్న మనిషిని పత్రికల్లో ఇలాగే కప్పేసేవారు.

"వెనకాల ఏటి రాసినారు బాబూ?"

చదివి చెప్పాను. ఏనుగు పేరు, వయసు, బరువు, ఏ జంతుశాలకు వెళ్తోందీ, ఓడ పేరు. కళాసీల గురించి ఒక్క ముక్కా లేదు.

"ఏనుక్కి పేరున్నాది, మడుసులకి లేదా? బాగున్నాది మీ పేపరోళ్ళ యవ్వారం!" అని నవ్వాడు. ఓడ పేరు మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి నవ్వలేదు.

వాళ్ళ తాత కలకత్తాలో ఆ ఓడే ఎక్కాడట. తిరిగి రాలేదు. అప్పటికి వాళ్ళమ్మకు అయిదేళ్ళు. తండ్రి మొహం ఆమెకు గుర్తులేదు, ఫోటో లేదు. తెల్లరంగు పక్కనున్న వాళ్ళను ఒక్కొక్కరినీ ఫోనులో తీసి ఊరికి పంపాడు. ఆమెకు అక్క వరస ముసలావిడెవరో, ఆయన్ను చిన్నప్పుడు ఎరిగినావిడ, చూసి వీళ్ళెవరూ కాదంది. ఇక మిగిలింది రంగు కింది మనిషి.

"తుడిస్తే పోదా బాబూ?"

నీళ్ళల్లో కలిపి వేసే రంగది. తడి దూదితో పోతుంది. యజమానిని అడిగితే, నమాజుకు బయల్దేరుతూ సరేనన్నాడు. కానీ డ్రైవరుకు నేను చెప్పనిది ఒకటుంది. నిగనిగలాడే కాగితం మీద రంగు నిలవదు. అందుకని ముందు బ్లేడుతో గీకేవాళ్ళం. అందరూ కాదు, కొందరు. నేను గీకేవాణ్ణి.

ఒక తుపాను తర్వాత నాయకుడు బియ్యం పంచుతున్న ఫోటోలో పక్కనెవడో నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఫోటో పాడైందనిపించి గీకేసి, రంగు వేశాను. ఆ మనిషి ఆ ఏడే పోయాడు. భార్య ఆఫీసుకొచ్చింది. "పేపరోళ్ళు ఫోటో తీశారని చెప్పాడయ్యా. ఇంకోటి లేదు మాకు," అంది. నెగటివ్ వెతికిస్తానని టీ ఇప్పించి పంపేశాను. వెతకలేదు.

దూది తడిపాను. డ్రైవరు చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాడు. రంగు పాలలా కరిగింది. ముందు చొక్కా అంచు వచ్చింది, తర్వాత భుజం. దానిపైన కాగితం పొర లేచిపోయి, గీతలు గీతలుగా తెల్లగా ఉంది. మొహాన్నే గీకారు.

"ఇలాగుంటాదని మీకు తెల్సా బాబూ?"

"తెలుసు. లేదేమోనని ఆశపడ్డాను."

అతను వంగి చూసి, వేలుపెట్టి చూపించాడు. రంగు వేసినవాడు ఒకటి మరిచిపోయాడు. తాడు మీద చెయ్యి మొదటినుంచీ అలాగే ఉంది. మనిషి లేడు, చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకునుంది. దాన్ని ఫోటో తీసి తల్లికి పంపాడు.

సాయంత్రం నన్ను దింపడానికి తీసుకెళ్తుంటే అతని ఫోను మోగింది. తల్లి గొంతుతో మెసేజీ. అతను కారు పక్కకు ఆపి వినిపించాడు.

"సూసినాన్రా. సెయ్యి మా అయ్యదేనేమో, ఎవులు సెప్తారు. మొగం ఎక్కడెట్టేసినారో ఆ పేపరు బాబుని అడుగు."

అతను నన్ను అడగలేదు. కారు ముందుకు పోనిచ్చాడు.